బండి దగ్గరే ఉండు

నాయకత్వ శిక్షణ అనే మాట ఎవరి నోట విన్నా నాకు ఒళ్ళు మండుతుంది. ఆ శిక్షణ పొందినట్టు నా దగ్గర సర్టిఫికెట్ కూడా ఉంది. రంగు అంచులతో, లామినేషన్ చేయించి మరీ ఇచ్చారు. ఊగుతున్న బీరువా కాలు కింద పెడదామని చూస్తే దానికీ పనికిరాలేదు, పల్చగా ఉంది.

నేను ఇరవై ఏళ్ళుగా పనిచేస్తున్నది కరీంనగర్‌లో ఒక చిన్న విత్తనాల కంపెనీలో. రైతులతో హైబ్రిడ్ వరి విత్తనం పండించి అమ్మే కంపెనీ. మొదట చొప్పదండి చుట్టుపక్కల ఊళ్ళలో పండించేవాళ్ళం, తర్వాత ఖానాపూర్ వైపు కూడా పోయాం. తెలియనివాళ్ళ కోసం ఆ పని ఎట్లా ఉంటుందో రెండు ముక్కల్లో చెప్తాను. పొలంలో రెండు రకాల వరిని వరుసలుగా నాటుతాం. మగ వరుసలు రెండు, ఆ పక్కన ఆడ వరుసలు ఎనిమిది. ఆడ వరికి సొంత పుప్పొడి పనిచేయదు. మగ వరి మీద నుంచి పుప్పొడి లేచి ఆడ గొలుకల మీద, అంటే కంకుల మీద, పడితేనే గింజ పడుతుంది. అందుకని పూత రోజుల్లో, పొద్దున పొద్దెక్కి మంచు ఆరిపోయాక, ఇద్దరేసి ఆడవాళ్ళు ఒక పొడుగాటి తాడు చెరో కొన పట్టుకుని మగ వరుసలను ఊపుకుంటూ నడుస్తారు. పొడి పొగలాగా లేస్తుంది. అరగంట ఆగి మళ్ళీ నడుస్తారు. పది రోజులు ఇదే పని.

ఇందులో ప్రాణమంతా ఒకే ఒక్క విషయంలో ఉంది. రెండు రకాలూ ఒకే వారంలో పూతకు రావాలి. మగది ఎక్కువ రోజుల పంట, ఆడది తక్కువ రోజుల పంట. కాబట్టి మగ నారు ముందు పోసి, కొన్ని రోజులు ఆగి ఆడ నారు పోయాలి. ఎన్ని రోజులు ఆగాలన్నది చలిని బట్టీ ఊరిని బట్టీ మారుతుంది. అది తప్పితే ఒకటి పూసే వేళకు రెండోది పూయదు. పొలం మాత్రం పచ్చగా, ఏపుగా, దిష్టి తగిలేట్టు ఉంటుంది. గొలుక పట్టుకుని నలిపితే అన్నీ తాలు గింజలే.

ఎప్పుడు పోయాలన్న సంగతి మా కంపెనీలో ఒకే ఒక్క మనిషికి తెలుసు. కంపెనీ పెట్టిన ఆయనకు. ఆయన్ని మేమందరం పెద్దసారు అంటాం.

ఆయన మూర్ఖుడేమీ కాదు. పొలం వాసన చూసి పంట సంగతి చెప్పగలడు. కంపెనీ పెట్టిన కొత్తలో ఆయన దగ్గర పని నేర్చుకున్నవాడొకడు మూల విత్తనం సంచులతో సహా వెళ్ళిపోయి పోటీ కంపెనీ పెట్టాడట. ఆ దెబ్బ ఆయన మరిచిపోలేదు. అది నాకు అర్థమవుతుంది. కానీ ఒక్కడు దొంగతనం చేస్తే ఆ తర్వాత వచ్చిన మమ్మల్నందరినీ దొంగల కిందే జమకట్టాడు. ఏటా మూల విత్తనం సంచులకు కుట్టే దారం రంగు మార్చేవాడు. ఏ దారం ఏ రకమో మాకు చెప్పేవాడు కాదు. "ఎర్ర దారం సంచులు ఇయాల పోయుండ్రి" అని పొద్దున్నే ఫోను. మళ్ళీ కొన్నాళ్ళకు "పచ్చ దారం సంచులు ఇయాల" అని ఫోను. మధ్యలో ఎన్నాళ్ళు ఆగాడో రోజులు లెక్కపెట్టుకోవచ్చు, లెక్కపెట్టుకున్నాను కూడా. ఒక యాసంగికి, అదే చలికాలం పంటకు, పద్దెనిమిది రోజులు. మరుసటి యాసంగి అదే ఊళ్ళో ఇరవై మూడు. ఎందుకు మారిందో అర్థమయ్యేది కాదు.

ఆ రెండో ఫోనుకు ముందు ఆయన స్వయంగా జీపులో వచ్చేవాడు. మగ నారుమడి కనబడగానే జీపు ఆపించి, దిగి, నావైపు తిరిగి ఎప్పుడూ ఒకటే మాట.

"నువ్వు బండి దగ్గరే ఉండు."

నేను ఉండేవాణ్ణి. ఫీల్డు సూపర్‌వైజర్ అని జేబుకు కార్డు వేలాడేసుకుని, జీపు డ్రైవర్‌తో సమానంగా రోడ్డు మీద నిలబడేవాణ్ణి. ఆయన నారుమడి గట్టు మీద మాకు వీపు పెట్టి గొంతుక్కూర్చుని ఏదో చూసేవాడు. పావుగంట తర్వాత లేచి, పంచె దులుపుకుని, ఏమీ జరగనట్టు వచ్చి జీపెక్కేవాడు. ఇట్లా పదిహేను పదహారు యాసంగులు గడిచాయి. ఇప్పుడు తలుచుకుంటే ఆయన మీద ఎంత కోపం వస్తుందో, ఆ రోడ్డు మీద బుద్ధిమంతుడిలా నిలబడ్డ నా మీద అంతకంటే ఎక్కువ వస్తుంది.

ఆయనకు అరవై ఎనిమిదో ఏడు వచ్చాక ఎవరో చెవిలో వేశారు, కంపెనీ పదికాలాలు నిలవాలంటే కింద నుంచి నాయకులను తయారు చేయాలని. మాట మంచిదే. దానికి ఆయన చేసిందేమిటంటే, కరీంనగర్‌లో ఒక హోటల్ హాలు మాట్లాడి, హైదరాబాద్ నుంచి ఒక శిక్షకుణ్ణి పిలిపించాడు. "రేపటి నాయకులు" అని బ్యానరు. మేం పన్నెండు మందిమి. ఆ శిక్షకుడు మాచేత బెలూన్లు ఊదించాడు. ఒకరి కళ్ళకు గంతలు కట్టి ఇంకొకరిచేత చెయ్యి పట్టించి కుర్చీల మధ్య నడిపించాడు. పక్కవాడిని నమ్మడం నేర్చుకోవాలట. ఇన్నేళ్ళుగా గంతలు కట్టుకునే నడుస్తున్నవాళ్ళకు ఆ ఆట కొత్తగా ఏం నేర్పుతుందో నాకు బోధపడలేదు.

మధ్యాహ్నం పెద్దసారు మైకు పట్టుకుని మాట్లాడాడు. "కంపెనీ నాతోని పోవద్దు. మీలకెల్లే లీడర్లు రావాలె. నేను లేకున్నా మీరు నడపాలె," అన్నాడు. మేం చప్పట్లు కొట్టాం. నాకు నిజంగానే గుండె నిండింది. ఆ ఊపులోనే చాయ్ దగ్గర ఆయన పక్కకు చేరి అడిగాను.

"సార్, ఈ యాసంగి నారుమడి కాడికి నేను గూడ దిగి వస్త. జర చూపియ్యరాదు సార్."

ఆయన నా భుజం మీద చెయ్యేసి నవ్వాడు. "దానికి నేనున్నగద. నువ్వు ముందుగాల్ల లీడర్‌గ ఎదుగు."

అమ్మ పెట్టదు, అడుక్కు తిననివ్వదు అంటారే, అది. పని చూపించకుండా పెద్దరికం ఎట్లా ఇస్తారు? ఎడ్లను కట్టేసుకుని కాడి మాత్రం ఇచ్చి దున్నుకో పొమ్మన్నట్టు. ఆ సాయంత్రం సర్టిఫికెట్ తీసుకుంటూ నవ్వుతూ ఫోటో దిగాను. ఆ ఫోటో ఇప్పటికీ ఆఫీసు గోడ మీద ఉంది. దాన్ని చూడకుండా ఉండటానికి నేను వెనక తలుపు నుంచి పోతుంటాను.

ఏడాది తిరగకముందే పెద్దసారుకు పక్షవాతం వచ్చింది. కుడివైపు పడిపోయింది. మాట పోయింది. ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చాక కూడా ఒకటి రెండు మాటలు తప్ప నోట పలకలేదు.

కంపెనీ బాధ్యత ఆయన అల్లుడి మీద పడింది. మేం చిన్నసారు అంటాం. చెడ్డవాడు కాదు, కష్టపడతాడు. కానీ నారుమడి దగ్గరికి ఆయన్ని కూడా మామ ఎన్నడూ దిగనివ్వలేదు. కార్తీకం పోయి యాసంగి పనులు మొదలయ్యేసరికి చిన్నసారు మామ టేబుల్ సొరుగులన్నీ వెతికించి పాత డైరీ ఒకటి పట్టుకున్నాడు. అందులో ఒకచోట "మగ తర్వాత 19" అని రాసి ఉంది. ఏ ఊరిదో, ఏ ఏటిదో లేదు. చిన్నసారు దాన్ని కళ్ళకు అద్దుకున్నంత పని చేశాడు.

ఆ యేడు ఖానాపూర్ వైపు ఎక్కువ పొలం పెట్టించాం. అక్కడి రైతులకు ఈ పంట కొత్త. అందుకని నారు పనికీ నాట్లకూ తాడు పనికీ చొప్పదండి పక్క ఊరి నుంచి ఒక ఆడకూలీల గుంపును తోలుకుపోయాం. గుంపు పెద్ద మా కంపెనీ మొదటి పంట నుంచీ తాడు పట్టిన మనిషి. భర్త మస్కట్‌లో ఉంటాడు. ఇంటినీ, రెండెకరాలనూ, పాతిక మంది ఆడవాళ్ళనూ ఒంటిచేత్తో నడుపుతుంది. నాకంటే ఆరేడేళ్ళు పెద్ద. నేను అక్కా అంటాను, ఆమె తమ్మీ అంటుంది.

మగ నారు పోసిన పంతొమ్మిదో రోజు పొద్దున నేను ఆడ విత్తనం సంచులు దింపిస్తున్నాను. ఆ యేడు చలి గట్టిగా ఉంది. అడవి దగ్గర కాబట్టి ఖానాపూర్‌లో మాకంటే ఎక్కువ వణికిస్తుంది. ఆమె మగ నారుమడి దగ్గర నుంచి కొంగు నడుముకు దోపుకుంటూ వచ్చింది.

"తమ్మీ, ఇయాల పోయకుండ్రి. మగ నారుకు ఇంక ఆకు ఎక్కలే. ఐదారు దినాలు ఆగాలె."

"ఆకేంది అక్కా?"

ఆమె నన్ను వింతగా చూసింది. "గదేంది, నీకు ఎర్కలేదా? పెద్దసారు గదే కదా చూసేది. నారు పీకి ఒక్కొక్క ఆకు లెక్కపెడుతడు. ఐదో ఆకు సగం విచ్చుకున్నంకనే ఆడది పోయిస్తడు. ఇప్పుడింక నాలుగో ఆకే."

నేను అట్లాగే నిలబడిపోయాను. "నీకు ఆయన చెప్పిండా?"

"నాకెందుకు చెప్తడు? పక్క మడిల కలుపు తీసుకుంట చూసిన. ఏడాదికోసారి చూసిన."

పెద్దసారు నన్ను రోడ్డు మీద నిలబెట్టాడు. డ్రైవర్‌ను నిలబెట్టాడు. అల్లుణ్ణి ఇంట్లోనే నిలబెట్టాడు. పక్క మడిలో వంగి కలుపు తీస్తున్న ఆడవాళ్ళను మాత్రం పొమ్మనలేదు. వాళ్ళకు కళ్ళున్నాయని, కళ్ళ వెనక బుర్ర ఉందని ఆయనకు ఎన్నడూ తట్టలేదు. కంపెనీ అంతా గాలించి నాయకులు కావాలని బ్యానర్ కట్టిన మనిషికి, పది గజాల దూరంలో ఉన్న మనిషి కనబడలేదు. ఇంతకంటే పెద్ద గుడ్డితనం నేను చూడలేదు.

కానీ అసలు సిగ్గుచేటు పని ఆ తర్వాత నేను చేసింది. ఫోను తీసి చిన్నసారుకు చేశాను.

"సార్, నారు ఎదగలేదట. ఇంకో ఐదారు రోజులు ఆగుదమా?"

"ఎవలన్నరు?"

"తాడు గుంపు పెద్ద సార్."

"మామ డైరీల పంతొమ్మిది అని రాసున్నది. కూలీల మాటిని కంపెనీ నడుపుతమా? పోయించు."

ఆమె నా ఎదురుగానే నిలబడి ఉంది. నారు నా కళ్ళ ముందే ఉంది. ఒక మొక్క పీకి నేనే లెక్కపెట్టాను. నాలుగే. అప్పుడు నా చేతిలో ఉన్నది ఒకటే పని, సంచులు మళ్ళీ బండిలో ఎక్కించడం. "బండి పాడైంది సార్, ఆలస్యమైతది" అని ఒక అబద్ధం చెప్పినా సరిపోయేది. కానీ ఇన్నేళ్ళు ఫోను రాకుండా ఒక్క గింజ కదిలించనివాడికి ఆ ధైర్యం ఎక్కడి నుంచి వస్తుంది?

"పై నుంచి వచ్చింది అక్కా. పోయుండ్రి," అన్నాను.

ఆమె కొంగు విప్పుకుని పోయి సంచి విప్పింది.

మాఘం వెళ్ళాక ఆడ వరి ఈనింది. మగ వరి కంకి బయటికి రాక ఇంకా పొట్ట మీదే ఉంది. ఆడ గొలుకలు నోళ్ళు తెరుచుకుని పొడి కోసం చూస్తున్నాయి. చిన్నసారు కరీంనగర్ నుంచి వచ్చి గట్టు మీద నిలబడి తాడు గుంజమన్నాడు. ఆడవాళ్ళు గుంజారు. మూడు రోజులు, రోజుకు నాలుగుసార్లు, పూతలేని వరుసల మీద తాడుతో నడిచారు. చిన్న పురుగులు తప్ప ఏమీ లేవలేదు. నాలుగో రోజు ఆమె తాడు చుట్ట చుట్టి చిన్నసారు కాళ్ళ దగ్గర పెట్టింది.

"పొడి లేని తాడు ఎన్ని దినాలు గుంజాలె సారూ? మా చేతులు పోతున్నయ్, మీ పంట పోయింది."

తొమ్మిది రోజుల తర్వాత మగ వరి బ్రహ్మాండంగా పూసింది. చూడటానికి ఎంత బాగుందో. పక్కన ఆడ వరుసలు అప్పటికే ముసలివయ్యాయి.

కోతలకు ముందు ఖానాపూర్ రైతు ఒకాయన నన్ను పొలంలోకి పిలిచాడు. అరిచాడా అంటే అరవలేదు. ఒక గొలుక కోసి నా అరచేతిలో పెట్టి, "పిసుకు సారూ" అన్నాడు. పిసికాను. పొట్టు గాలికి పోయింది. ఇంకోటి పెట్టాడు. అదీ పిసికాను. అట్లా ఎన్ని పెట్టాడో. ఆయన తిట్టినా నాకు బాగుండేది. రెండు చెంపలు వాయించినా బాగుండేది. కంపెనీ ఆ తర్వాత ఏదో సర్దుబాటు చేసింది. దాని గురించి నేను రాయను, ఎందుకంటే ఒక యాసంగి పోతే ఎవరూ తిరిగి ఇవ్వలేరు.

ఇంకో యాసంగి ఇట్లాగే పోతే కంపెనీ మూతపడుతుందని అందరికీ తెలుసు. మాతో పంట పెట్టడానికి చొప్పదండిలో సగం మంది ఒప్పుకోలేదు, ఖానాపూర్‌లో ముగ్గురే మిగిలారు. అప్పుడు చిన్నసారు దిగొచ్చి, మామను అడిగి రమ్మని నన్ను పంపాడు. నేను అడగటానికి కాదు, అక్క చెప్పిన ఆకు లెక్క సరిచూసుకోవడానికి పోయాను. ఆమెను వెంటబెట్టుకుని పోయాను.

పెద్దసారు మంచం మీద దిండ్లకు ఆనుకుని ఉన్నాడు. మనిషి సగమయ్యాడు. నన్ను చూసి ఎడమ చెయ్యి కొంచెం ఎత్తాడు. నాకు ఏడుపొచ్చింది. అబద్ధం చెప్పను, కోపం ఎంతున్నా ఆ మనిషి నాకు అన్నం పెట్టాడు. పోయిన యాసంగి సంగతంతా చెప్పాను. తాలు అన్న మాట వినగానే కళ్ళు మూసుకున్నాడు. ఆయన భార్య పెద్దమ్మగారు మూతి తుడిచింది.

"సార్, నారు ఎన్నో ఆకుకు పోయాలె?" అన్నాను.

కళ్ళు తెరిచాడు. నన్ను చూశాడు. తలుపు పక్కన నేల మీద కూర్చున్న ఆమెను చూశాడు. ఎడమ చెయ్యి మెల్లగా లేచింది. ఆ చేత్తో ఆమె వైపు చూపించి, తలుపు వైపు తిప్పాడు. ఆమెను బయటికి పంపమని.

ఆమె లేవబోయింది. నేను కూర్చోమన్నాను. నా జీవితంలో ఆయన ముందు గొంతు పెంచింది అదొక్కసారే. "ఆమె బయటికి పోదు సార్. నాకు తెల్వది, ఆమెకే ఎర్క. అక్కా, చెప్పు."

ఆమె కూర్చున్నచోటి నుంచే చెప్పింది. ఐదో ఆకు సగం విచ్చుకున్నప్పుడని. నీళ్ళు ఎక్కువైన ఏడు ఒక రోజు ముందని. అడవి దిక్కు చలి ముదిరితే దినాలు లెక్కపెట్టొద్దని, ఆకునే చూడాలని. మధ్యలో ఒకటి రెండు నేను ఎన్నడూ వినని సంగతులు కూడా చెప్పింది. పాఠం అప్పజెప్పినట్టు కాదు, తన పెరటి సంగతి చెప్పుకున్నట్టు చెప్పింది. వింటున్నంతసేపూ పెద్దసారు ముఖం ఎర్రబడుతూ పోయింది. ఆమె ఆపాక ఆయన పెదవులు కదిలాయి. ఒక్కొక్క అక్షరం కూడదీసుకుని ఒకటే మాట అడిగాడు.

"ఎవ...లు... చె...ప్పిండ్రు?"

సరైనదా కాదా అని చెప్పలేదు. బాగా చూశావు అనలేదు. పాతికేళ్ళ కంపెనీ ఆఖరి ఊపిరి మీదుంటే, మాట కూడా లేని మనిషి ఉన్న శక్తంతా పెట్టి తెలుసుకోదలిచింది, తన గుట్టు ఎవరు బయటపెట్టారన్నది.

"ఎవ్వలు చెప్పలే సారూ. నేనే చూసిన," అంది ఆమె.

ఆయన నమ్మలేదు. ఆమెవైపు చూడను కూడా లేదు. నావైపు చూశాడు.

ఆ యాసంగి ఆమె చెప్పిన రోజునే పోశాం. రెండూ ఒకే వారంలో పూశాయి. పొడి లేచింది, గింజ పడింది, కంపెనీ నిలబడింది. చిన్నసారు ఆమెకు శాలువా కప్పి ఫోటో దిగాడు. ఫీల్డు పని అంతా ఆమెకే అప్పజెప్పుదాం సార్ అని నేనంటే, "చదువు లేదు గద, రేపు మీటింగులల్ల ఎట్ల?" అన్నాడు. ఇంటికి పోతూ ఆమె శాలువాను తాడు సంచిలో కుక్కుకుంది. నేను మానేద్దామనుకుని మానలేదు. నేనూ పోతే అక్కడ ఆమె మాట వినేవాడు ఉండడు. ఇప్పుడు ప్రతి నారుమడి దగ్గరా డ్రైవర్‌తో సహా అందరినీ కూర్చోబెట్టి ఆమెచేత లెక్క చెప్పిస్తున్నాను. కంపెనీ నుంచి నాకు ఎవరూ ఆ అనుమతి ఇవ్వలేదు, నేను అడగలేదు.

కానీ పెద్దసారు చూసిన ఆ చూపు నన్ను వదలదు. గుట్టు దొంగిలించి ఆమెకు చెప్పింది నేనేనని ఆయన అనుకున్నాడు. మొదట్లో నాకు మండిపోయింది, ఇరవై ఏళ్ళు నమ్మకంగా చేసినందుకు ఇదా అని. తర్వాత తెలిసింది, నాకు అంత మండినది ఆ అనుమానం నిజం కానందుకేనని. ఒక్క యాసంగి నేను ఆ రోడ్డు దిగి, ఆయన వెనక నిలబడి, చూసింది నలుగురికి చెప్పి ఉంటే, నన్ను దొంగ అనేవాళ్ళు. ఖానాపూర్ రైతు నా అరచేతిలో పెట్టిన గొలుకలో గింజలు ఉండేవి.